వింటేజ్ బొటీక్‌లో డబ్బు కట్టేముందు బట్టను లోపలికి తిప్పి చూడండి

మీరు అడిగినవి మూడు. పెద్ద నగరంలో వింటేజ్ బొటీక్‌లు, అంటే పాతకాలపు బట్టలు ఏరి అమ్మే షాపులు, చూడటానికి చేతిలో ఒక్క రోజే ఉంది, ఎలా తిరగాలి? ట్యాగ్ మీద "1950ల నాటిది" అని రాసి ఉంటే నమ్మడం ఎలా? అంత రేటు పెట్టి కొన్నాక అది నాలుగు రోజులు నిలుస్తుందా? నేను పాత బట్టలు కొనడం, విప్పి బాగుచేయడం, మళ్లీ అమ్మడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. నన్నడిగితే మీ మూడో ప్రశ్నకే మొదటి స్థానం ఇవ్వాలి. బట్ట ఎంత పాతదో చూసి కాదు, ఇంకా ఎంతకాలం వేసుకోవచ్చో చూసి డబ్బు పెట్టండి. డెబ్భై ఏళ్ల ఉన్ని కోటు ఇంకో ముప్పై ఏళ్లు హాయిగా ఉండొచ్చు. నూరేళ్ల సిల్కు గౌను మాత్రం మొదటిసారి కూర్చోగానే నడుం దగ్గర చిరిగిపోవచ్చు. రెండో దాని రేటే ఎక్కువ ఉంటుంది, అదీ తమాషా.

ముందు రేటు సంగతి. బొటీక్‌లో రేటు చూసి చాలామంది "వాడేసిన బట్టకి ఇంతా?" అని గుండె పట్టుకుంటారు. జనం వదిలేసిన బట్టలు బేళ్లుగా కట్టి, కేజీల లెక్కన సార్టింగ్ గోదాములకు చేరతాయి. అక్కడ మళ్లీ వేసుకోదగ్గవి ఒకవైపు, తుడుపు గుడ్డలుగా పోయేవి ఒకవైపు, చింపి పీచుగా మార్చేవి ఒకవైపు వేరుచేస్తారు. ఆ గుట్టల్లోంచి వింటేజ్ అని పక్కకు తీసేవి చాలా కొద్ది. వాటిలోనూ బొటీక్ వాళ్లు ఏరుకుని, ఉతికించి, ఊడిన కుట్లు వేయించి, నగరం నడిబొడ్డున అద్దె కట్టి మన ముందు హ్యాంగర్‌కి తగిలిస్తారు. అంటే మీరు ఇచ్చే డబ్బులో పెద్ద భాగం ఏరినవాళ్ల కంటికి వెళ్తుంది. అందుకే అక్కడ ప్రశ్నలు అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది. ఎక్కడ దొరికింది, ఏం బాగుచేశారు, ఉతికారా డ్రై క్లీనింగ్ చేయించారా అని అడగండి. మంచి షాపువాళ్లు ఇష్టంగా చెబుతారు. విసుక్కుంటే బయటికి వచ్చేయండి.

ఇదే లెక్కతో ఇంకో మాట. మామూలు డెనిమ్ జాకెట్, పూల చొక్కా, ట్రాక్ జాకెట్ లాంటివి బొటీక్‌లో కొనడం దండగ. అవి సెకండ్ హ్యాండ్ షాపుల్లో, చారిటీ షాపుల్లో కాస్త ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి. 1940ల క్రేప్ డ్రెస్, చేత్తో పూసలు కుట్టిన జాకెట్, చక్కగా టైలరింగ్ చేసిన ఉన్ని కోటు మాత్రం మామూలు గుట్టల్లో అరుదుగా తగులుతాయి. బొటీక్‌కి వెళ్లాల్సింది వాటి కోసం.

ఒక్క రోజే అంటున్నారు కాబట్టి షాపుల లిస్టు కుదించుకోండి. నాలుగుకి మించి పెట్టుకోవద్దు. మూడో షాపు దాటాక కన్ను మొద్దుబారుతుంది, ప్రతిదీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ షాపుల్లో చాలావరకు పొద్దున్నే తెరవరు, కొన్ని వారం మొదట్లో సెలవు పెడతాయి, కాబట్టి వేళలు ముందే కనుక్కోండి. శని, ఆదివారాలు వద్దు. ట్రయల్ రూమ్ ముందు క్యూ ఉంటే బట్టను తిరగేసి చూసే తీరిక మీకుండదు, జవాబు చెప్పే తీరిక వాళ్లకుండదు. ఇంకోటి, చాలా బొటీక్‌ల వెనక గదిలో బయట పెట్టని సరుకు ఉంటుంది. సినిమా కాస్ట్యూమ్ డిజైనర్లు, స్టైలిస్టులు వచ్చి అందులోంచే అద్దెకు తీసుకుంటుంటారు. మీకు ఏ కాలంవి, ఏ కొలతలో కావాలో స్పష్టంగా చెబితే లోపల్నించి తెచ్చి చూపిస్తారు. "ఊరికే చూస్తున్నాను" అనేవాళ్లకి ఆ తలుపు తెరుచుకోదు.

మీరు వేసుకెళ్లే బట్టలు సులువుగా విప్పి తొడుక్కునేలా ఉండాలి. లోపల పల్చటి, ఒంటికి అతుక్కునే ఇన్నర్ వేసుకోండి. ట్రయల్ రూమ్ లేని చోట, లేదా ఉన్నా పరదా సరిగ్గా లేని చోట అది ఆదుకుంటుంది. పాత బట్టలకి ఉంగరాలు, గాజులు, గొలుసులు శత్రువులు. పల్చటి షిఫాన్‌లో ఉంగరం రాయి చిక్కుకుంటే ఆ దారం మొత్తం లేచొస్తుంది, దానికి డబ్బు మీరే కట్టాలి. బ్యాగులో టైలర్ టేపు, ఫోన్‌లో టార్చ్ ఉంటే చాలు.

సైజు నంబర్లు నమ్మొద్దు. అమెరికాలో మహిళల దుస్తులకి ప్రభుత్వం తరఫున ఒక సైజుల ప్రమాణం 1958లో వచ్చింది. కంపెనీలు దాన్ని మెల్లగా సాగదీస్తూ, అదే కొలతకి చిన్న నంబరు వేస్తూ పోయాయి. చివరికి 1983లో ఆ ప్రమాణాన్నే ఎత్తేశారు. అందుకే పాత డ్రెస్ మీద 12 అని ఉన్నా అది నేటి 6, 8 దగ్గర ఆగిపోవచ్చు. నంబరు చూసి దిగులుపడేవాళ్లని చాలామందిని చూశాను, దానికి అర్థం లేదు. ఇంట్లో మీకు బాగా సరిపోయే డ్రెస్, జాకెట్, ప్యాంటు ఒక్కొక్కటి తీసి, నేల మీద చదునుగా పరిచి కొలవండి. ఛాతీ, నడుము, తుంటి, భుజం నుంచి భుజం, చేతి పొడవు, భుజం నుంచి నడుము దాకా పొడవు రాసుకోండి. షాపులో కూడా బట్టని అలాగే పరిచి కొలిచి పోల్చుకోండి. అన్నిటికంటే చివరి కొలతనే జనం మర్చిపోతారు. నడుము దగ్గర కత్తిరించి కుట్టిన పాత డ్రెస్సుల్లో ఆ పొడవు కుదరకపోతే నడుం కుట్టు పక్కటెముకల మీదికి ఎక్కి కూర్చుంటుంది. దాన్ని ఏ టైలరూ సరిచేయలేడు. ఒంటి చుట్టుకొలతకీ బట్ట చుట్టుకొలతకీ (పరిచి కొలిచినదానికి రెట్టింపు) మధ్య ఛాతీ దగ్గర రెండంగుళాలైనా ఖాళీ చూసుకోండి. పాత నేతబట్టలో సాగే గుణం ఉండదు. సాగే పీచు స్పాండెక్స్‌ని డ్యూపాంట్ కంపెనీలో 1958లో కనిపెట్టారు, అది మామూలు బట్టల్లోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. బిగుతుగా ఉన్నా పర్లేదులే అనుకుని జిప్ లాగితే ఊడేది జిప్ కాదు, పక్కనున్న బట్ట.

ఇక అసలు పని, తిరగేసి చూడటం. ఒక డ్రెస్సుతో చెబుతాను. నేవీ బ్లూ రేయాన్ క్రేప్, పొట్టి చేతులు, ఎడమ పక్కన జిప్, ట్యాగ్ మీద "1940లు" అని ఉంది అనుకోండి. ముందు హ్యాంగర్ మీద ఉండగానే భుజాలు చూడండి. ఏళ్ల తరబడి వైరు హ్యాంగర్‌కి వేలాడితే భుజం దగ్గర బట్ట ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది, అక్కడ దారాలు సన్నబడి ఉంటాయి. తర్వాత తీసి లోపలికి తిప్పండి. చంకల దగ్గర మొదలెట్టండి. చెమట, దాని మీద వాడిన డియోడరెంటు కలిసి అక్కడ రంగునీ పీచునీ రెండింటినీ తింటాయి. రంగు కాస్త ఊదాగానో గోధుమగానో మారితే కొంతవరకు సర్దుకోవచ్చు. కానీ వేళ్ల మధ్య పట్టుకుంటే అట్టలా గట్టిగా తగిలితే ఆ బట్ట పని అయిపోయినట్టే. చంకల్లో చిన్న ప్యాడ్లు కుట్టి ఉంటే సంతోషించండి, మొదట వేసుకున్నావిడ జాగ్రత్త మనిషి. చంక దగ్గర మాత్రమే కొత్త లైనింగ్ ముక్క వేసి ఉంటే దాని వెనక ఏముందో అడగండి.

తర్వాత ఫోన్ టార్చ్ లోపల పెట్టి డ్రెస్సు మొత్తం వెలుతురుకి చూడండి. పైనుంచి కనిపించని సూది బెజ్జం లాంటి చిల్లులు నక్షత్రాల్లా వెలుగుతాయి. నడుం కుట్టు, మోచేతులు, వెనక కూర్చునే చోటు, జేబుల మూలలు, కాజాలు, హుక్కులు కుట్టిన చోట్లు, ఇవన్నీ బలం పడే జాగాలు. కుట్టు లోపల వదిలిన బట్టని రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని, అతి మెల్లగా కాస్త దూరం జరపండి. లాగొద్దు, జరపండి. దారాలు విడిపోయి సన్నటి నిచ్చెన మెట్లలా కనిపిస్తే, లేదా చిటపటమన్న శబ్దం వస్తే వెంటనే వదిలేసి షాపువాళ్లకి చూపించండి. కుట్టు దారం ఊడితే అది చిన్న సంగతి, పది నిమిషాల పని. బట్టే చిరుగుతుంటే అది వేరే సంగతి. ఈ రెంటికీ తేడా పట్టుకోగలిగితే మీకు సగం విద్య వచ్చినట్టే.

కుట్లు చూస్తూ వయసు కూడా చదవొచ్చు. మా నేవీ బ్లూ డ్రెస్సులో కుట్టు అంచులు జిగ్‌జాగ్ కత్తెరతో పళ్లు పళ్లుగా కత్తిరించి ఉంటే, ఎడమ పక్క లోహపు జిప్ ఉంటే, అంచు చేత్తో మడిచి కుట్టి ఉంటే ట్యాగ్ మాట నమ్మదగ్గదే. డ్రెస్సుల్లో లోహపు జిప్ 1930లలో బాగా వాడకంలోకి వచ్చింది. చాలాకాలం పక్క కుట్టులోనే వేసేవారు. వీపు మధ్య జిప్ 1950లలో మామూలైంది. నైలాన్ జిప్ 1960లలో వచ్చి లోహాన్ని మెల్లగా పక్కకు నెట్టింది. అయితే జిప్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. పాడైతే మారుస్తారు కదా. మార్చి ఉంటే పాత సూది రంధ్రాల వరస పక్కనే కనిపిస్తుంది, దారం రంగు కూడా మిగతా కుట్లతో కలవదు. ఓవర్‌లాక్, అంటే అంచుని దారంతో చుట్టేసే మెషిన్ కుట్టు, ఉంటే కొత్తదని కొందరు కొట్టిపారేస్తారు, అదీ తప్పే. ఓవర్‌లాక్ మెషిన్ 19వ శతాబ్దం చివర్లోనే ఉంది. లోపల ఎక్కడా లేబుల్ లేకపోయినా కంగారుపడొద్దు, ఆ కాలంలో ఇంట్లోనో టైలర్ దగ్గరో కుట్టించుకున్నవి కోకొల్లలు.

లేబుల్ ఉంటే మాత్రం దాన్ని తాపీగా చదవండి. అది "ఈ సంవత్సరంది" అని చెప్పదు, "దీనికంటే ముందు కాదు", "దీని తర్వాత కాదు" అని మాత్రమే చెబుతుంది. అమెరికాలో ఏ పీచు ఎంత శాతమో బట్ట మీద రాయాలన్న చట్టం 1958లో వచ్చి 1960లో అమలైంది. ఎలా ఉతకాలో చెప్పే లేబుల్ శాశ్వతంగా కుట్టాలన్న నియమం 1972 నుంచి ఉంది. మాటలు లేకుండా ఉత్త గుర్తులతో ఉతికే సూచనలు ఇవ్వడానికి అక్కడ అనుమతి వచ్చింది 1997లో. కాబట్టి అమెరికన్ డ్రెస్సులో వాషింగ్ సూచనల లేబుల్ కుట్టి ఉండి, ట్యాగ్ మీద "1950లు" అని ఉంటే అడగాల్సిందే. అమెరికన్ మహిళల దుస్తుల్లో పక్క కుట్టులో ఐఎల్‌జీడబ్ల్యూయూ అనే, మహిళల దుస్తులు కుట్టే కార్మికుల యూనియన్ లేబుల్ కనిపిస్తుంటుంది. 1900లో మొదలైన ఆ యూనియన్ 1995లో ఇంకో యూనియన్‌తో కలిసిపోయింది, అంటే ఆ లేబుల్ ఉన్నది అంతకు ముందుదే. ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటే 1970ల మధ్య నుంచి వచ్చిన రకం. లేబుల్ మీద ఏఎఫ్ఎల్-సీఐఓ అని కూడా ఉంటే 1955 తర్వాతది, ఏఎఫ్ఎల్, సీఐఓ అనే రెండు కార్మిక సంఘాల సమాఖ్యలు కలిసింది అప్పుడే.

బ్రిటిష్ బట్టల్లో సీసీ41 అనే ముద్ర ఒకటి ఉంటుంది. రెండు గుండ్రటి సీ అక్షరాలు, పక్కన 41. యుద్ధకాలంలో బట్టకి కరువొచ్చినప్పుడు 1941లో మొదలెట్టిన యుటిలిటీ పథకం గుర్తు అది, 1952 దాకా నడిచింది. పొదుపుగా కత్తిరించినా గట్టి సరుకు. దొరికితే వదలకండి. ఉన్ని మీద వుల్‌మార్క్ అనే ఉన్ని నాణ్యత గుర్తు ఉంటే 1964 లేదా ఆ తర్వాతది. "మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ" అని ఉంటే 1990కి ముందుది, చెకోస్లొవేకియా అని ఉంటే 1993కి ముందుది. ఆర్‌ఎన్ నంబరు, అంటే అమెరికాలో బట్టల కంపెనీలకి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, ఉంటే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, ఏ కంపెనీదో తెలుస్తుంది. నంబరు కంపెనీది, బట్టది కాదు కాబట్టి సంవత్సరం మాత్రం అందులో దొరకదు. ఇక లేబుల్ మీద వెబ్‌సైట్ అడ్రసు ఉంటే నేను చెప్పేదేముంది! సూత్రం ఒక్కటే. తర్వాత రిపేరులో వేసినవి పక్కన పెడితే, మిగతావాటిలో అన్నిటికంటే కొత్త కాలానిదైన ఆధారం ఏదో అదే ఆ బట్ట వయసు చెబుతుంది. నాలుగు పాత గుర్తులుండి ఒక్కటి కొత్తదుంటే ఆ ఒక్కటే గెలుస్తుంది.

మోసం గురించి అడిగారు. పచ్చి మోసం కంటే వదులు మాటలే ఎక్కువ. సాధారణంగా ఇరవై ఏళ్లు దాటినదాన్ని వింటేజ్ అంటారు, నూరేళ్లు దాటితే యాంటిక్. రెట్రో, "వింటేజ్ స్టైల్" అని రాస్తే అది పాత పోలికతో తయారైన కొత్త సరుకు. ఈ మాటలన్నీ ఒకే ర్యాకులో కలిసిపోయి ఉంటాయి, అందుకే ట్యాగ్ మీద విశేషణాలు కాదు, దశాబ్దం రాసి ఉందా లేదా చూడండి. లివైస్ జీన్స్‌నే తీసుకోండి. వెనక జేబు ఎర్ర ట్యాబ్ మీద బ్రాండ్ పేరులోని ఇంగ్లీష్ "ఇ" 1971 దాకా పెద్దక్షరంగా ఉండేది, ఆ తర్వాత చిన్నదైంది. "బిగ్ ఇ" అనగానే రేటు ఎగురుతుంది. కానీ అదే కంపెనీ పాత మోడళ్లని అచ్చుగుద్దినట్టు మళ్లీ తయారుచేసి, అదే పెద్ద ఇ ట్యాబ్‌తో అమ్ముతోంది. అది మోసం కాదు, బహిరంగంగా చేసే వ్యాపారమే. వాడేశాక సెకండ్ హ్యాండ్‌లోకి వచ్చినప్పుడే గందరగోళం. లోపల ఉతికే సూచనల లేబుల్, లేదా అది కత్తిరించిన మొండి అంచు ఉందేమో వెతకండి. పాత బ్యాండ్ టీషర్టుల్లో కూడా ఇదే గొడవ. 1990ల మధ్య వరకు చాలా టీషర్టుల అంచుకి ఒకే వరస కుట్టు ఉండేది, తర్వాత రెండు వరసలు మామూలయ్యాయి. ఇది తెలిసిన నకిలీగాళ్లు ఇప్పుడు ఒకే వరస కుట్టు వేస్తున్నారు. టీషర్టులకి పెద్ద మొత్తం పెట్టడం నాకైతే ఇష్టం ఉండదు. ఇష్టమైన బ్యాండు అయితే మీ ఇష్టం.

డిజైనర్ లేబుల్ మామూలు డ్రెస్సులో కుట్టేయడం అనేది నిజంగా జరిగే మోసం. లేబుల్ కుట్టిన దారం, చుట్టూ ఉన్న కుట్ల దారం ఒకేలా మాగి ఉన్నాయా చూడండి. లేబుల్ కింద బట్ట రంగు కాస్త ముదురుగా ఉండాలి, ఎందుకంటే అక్కడ ఇన్నేళ్లూ వెలుతురు పడలేదు. కింద కూడా అంతా ఒకే రంగైతే ఆ లేబుల్ నిన్న మొన్న వచ్చి కూర్చుంది.

కొన్ని రకాల బట్టలు ఎంత అందంగా ఉన్నా వేసుకోవడానికి కొనొద్దు. వాటిలో మొదటిది 19వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం మొదట్లో దాకా వచ్చిన బరువు సిల్కు. సిల్కుకి బరువూ, గరగరమనే నిండుదనమూ రావాలని తగరపు లవణాలు ఎక్కించేవారు. ఆ లవణాలే పీచుని లోపల్నించి తినేస్తాయి. మడతల వెంట సన్నటి సమాంతర చీలికలు కనిపిస్తాయి, ముట్టుకుంటే ఇంకా చీలుతుంది. దానికి మందు లేదు. వెనక బట్ట అతికించి ఫ్రేము కట్టుకోవచ్చు, ఒంటి మీద వేసుకోలేం. రెండోది, 1930ల పూసల గౌన్లలో జెలటిన్ తళుకులు. నీళ్లు తగిలితే కరుగుతాయి, ఒంటి వేడికీ చెమటకీ కూడా ముద్దవుతాయి. ఇంట్లో ఉతుకుదామని బకెట్లో ముంచితే రంగునీళ్లు, బంక మిగులుతాయి. మూడోది, పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత పూసిన మెరుపు కోట్లు, అదే పదార్థంతో చేసిన బూట్ల అడుగులు. గాలిలో తేమకే పొడై రాలిపోతాయి, వాడకుండా పెట్టెలో పెట్టినా సరే. పాత బూట్ల అడుగు వంచి చూడకుండా కొనకండి.

ఇక రేయాన్ క్రేప్, దీన్ని కొనొద్దని అనను, నాకు అన్నిటికంటే ఇష్టమైన బట్ట ఇదే. ఒంటి మీద అది జారినట్టు ఇంకేదీ జారదు. కాకపోతే తడిస్తే దాని బలం సగానికి సగం పోతుంది, పైగా కుంచించుకుపోతుంది. వానలో తడవనివ్వకూడదు, నీళ్లలో నానబెట్టకూడదు. డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేటప్పుడు కూడా పాతదని చెప్పి, బొత్తాలు తీసి ఇవ్వాలి. పాత నల్ల కాటన్ బట్టల్లో సల్ఫర్ రంగు వాడినవి కొన్ని పైకి బాగున్నా కుట్ల దగ్గర పెళుసుగా ఉంటాయి. వాటికి ఇందాక చెప్పిన బొటనవేళ్ల పరీక్ష తప్పనిసరి.

ఏ పీచో తెలియకపోతే షాపులో అగ్గిపుల్ల గీయకండి. లోపలి అంచులోంచి ఒక దారం అడిగి ఇంటికి తెచ్చుకుని, పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడొచ్చు. కాగితం కాలిన వాసనైతే కాటన్ లేదా రేయాన్. వెంట్రుకలు కాలిన వాసనైతే ఉన్ని లేదా సిల్కు. కరిగి గట్టి పూసలా మారితే పాలియెస్టర్, నైలాన్ లాంటివి. అసిటేట్ బట్ట అయితే నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్‌కి కరిగిపోతుంది, కాబట్టి పాత శాటిన్ లైనింగ్ మీద మరక పోగొట్టడానికి దాన్ని వాడే ఆలోచన కూడా చేయొద్దు.

వాసన ఇంకో పరీక్ష. కలరా ఉండల వాసన గాలికి వేలాడదీస్తే కొన్ని వారాల్లో తగ్గుతుంది. సిగరెట్ వాసన మొండిది, లైనింగ్ లోపలికి దిగి ఉంటుంది. బూజు వాసన, దాంతోపాటు నల్లటి చుక్కలు కనిపిస్తే వదిలేయండి. ఆ చుక్కలు పోవు, పక్క బట్టలకి కూడా అంటుకోవచ్చు. షాపంతా సెంటు కొట్టి ఉంటే ముక్కు మోసపోతుంది. దాదాపు ప్రతి షాపులో స్టీమర్ ఉంటుంది, చంక దగ్గర కాసేపు ఆవిరి పట్టమని అడగండి. దాగిన వాసన ఆ వేడికి బయటపడుతుంది.

ఉన్ని బట్టలకి చిమ్మటల గండం. రెక్కల పురుగు బట్ట తినదు, దాని లార్వా తింటుంది. అది కూడా కాలరు కింద, జేబు మడతలో, ప్యాంటు మడిచిన అంచులో, అంటే చీకటి ఉన్నచోట. ఆ మడతలు విప్పి చూసి, ఇసుక రేణువుల్లాంటి మట్టిపొడి, తెల్లటి గొట్టాల్లాంటివి ఉంటే లోపల ఇంకా పురుగు ఉన్నట్టే లెక్క. పాత చిల్లు ఒకటో రెండో ఉండి మిగతా అంతా శుభ్రంగా ఉంటే రఫూ చేయించుకోవచ్చు. ముతక ట్వీడ్ మీద మంచి రఫూ అసలు కనిపించదు. నున్నటి గాబర్డిన్ మీద ఎంత పనిమంతుడు చేసినా తెలిసిపోతుంది.

బాగుచేయించుకుందాం లే అనే ధీమాతో కొనేముందు ఏది అవుతుందో ఏది కాదో చూసుకోండి. బిగించడం తేలిక, వదులు చేయడం కష్టం. అయితే పాత బట్టల్లో చాలావాటికి లోపల ఉదారంగా బట్ట వదిలేవారు, కింద అంచులో రెండు మూడు అంగుళాలు మడిచి ఉండేది. అది ఉంటే వదులు చేయొచ్చు, కానీ పాత మడత గీత దగ్గర రంగు తేడా మిగిలిపోతుందేమో విప్పకముందే వెలుతురులో చూడండి. జిప్ బిగుసుకుంటే పెన్సిల్ మొన పళ్ల మీద రుద్దితే చాలాసార్లు కదులుతుంది. హుక్కులు, టిచ్ బటన్లు, కాజాలు, లైనింగ్, ఇవన్నీ జరిగే పనులే. ఒక బొత్తాం తప్పిపోతే కాలరు కిందిదో కనిపించని చోటుదో పైకి మార్చుకోవచ్చు. భుజాలు తగ్గించడం మాత్రం ఖర్చుతో కూడిన పని, చేతులు విప్పి మళ్లీ కూర్చాలి. పూసల పని ఉన్నవాటిని చిన్నవి చేయాలంటే ముందు పూసలు విప్పాలి. ఈ రెండూ అవసరమైతే ఆ బట్ట మీది కాదు.

బేరం సంగతి. బొటీక్‌లో సగానికి సగం అడిగితే మర్యాదగా ఉండదు, పనీ జరగదు. ట్యాగ్ మీద రాయని లోపం మీరు చూపించగలిగితే అది న్యాయమైన కారణం. "ఈ చంక దగ్గర కుట్టు వేయించాలి కదండీ, ఏమైనా చూస్తారా?" అంటే చాలామంది తగ్గిస్తారు. రెండు మూడు కలిపి తీసుకుంటే అడగొచ్చు. చాలాకాలంగా అమ్ముడుపోనివి వాళ్లకీ భారమే. కొన్నది వెనక్కి తీసుకోకపోవడం ఈ వ్యాపారంలో మామూలు, అందుకే బిల్లు మీద "1950ల సిల్కు డ్రెస్" లాగా కాలం, బట్ట రెండూ రాయించుకోండి. నోటి మాటకి సరదాగా దశాబ్దం కలిపేవాళ్లు కూడా రాసేటప్పుడు కలం ఆపుతారు.

ఫర్ కోటు, దంతపు బొత్తాలు, తాబేటి చిప్ప క్లిప్పుల లాంటివి చేతికొస్తే ఆగండి. అంతరించిపోయే జంతువుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందం 1975 నుంచి అమల్లో ఉంది. చిరుతపులి లాంటి జంతువుల మచ్చల చర్మాలు, ఏనుగు దంతం లాంటివి పాతవే అయినా సరిహద్దు దాటించడానికి పత్రాలు కావాలి, కొన్ని దేశాల్లో అమ్మకమే నేరం. వేరే దేశంలో కొని తెచ్చుకునే ఉద్దేశం ఉంటే వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఇంటికి తెచ్చాక ఉన్నివాటిని నేరుగా బీరువాలో పెట్టకండి. కవర్లో గాలి తీసి గట్టిగా కట్టి, మైనస్ 18 డిగ్రీలుండే ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచితే చిమ్మట గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పొద్దు, మామూలు వేడికి వచ్చేదాకా ఆగండి, లేదంటే బట్ట మీద చెమ్మ పడుతుంది. పూసలవి, తోలువి, జిగురుతో అతికించినవి ఫ్రీజర్లో పెట్టకండి. అల్లిక బట్టలు, ఏటవాలుగా కత్తిరించిన గౌన్లు, పూసల బరువున్నవి హ్యాంగర్‌కి వేస్తే సొంత బరువుకే సాగిపోతాయి, మడతల మధ్య మెత్తటి తెల్ల కాగితం పెట్టి పడుకోబెట్టాలి. మిగతావాటికి భుజం వెడల్పున్న, దూది మెత్త చుట్టిన హ్యాంగర్ వాడండి. ప్లాస్టిక్ కవర్లు తీసేసి పాత కాటన్ దుప్పటి ముక్క కప్పితే చాలు. మొదటిసారి వేసుకున్నప్పుడు సూదీ, అదే రంగు దారం ఉండ బ్యాగులో పెట్టుకోండి. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఒక మనిషి ఒంటి మీద కదిలినప్పుడు పాత దారం ఎక్కడో ఒకచోట తెగడం ఖాయం.